గిన్నె క్షణాల్లో ఖాళీ: కుక్క ఆత్రం ఎక్కడిది, బ్రేకు ఎక్కడ వేయాలి?

క్లుప్తంగా

గబగబా మింగడం కుక్క శరీర నిర్మాణంలోనే ఉంది. అంతమాత్రాన అది ఏ కుక్కకూ హాని చేయదని కాదు. భారీ శరీరం, లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో, కడుపు ఉబ్బి మెలి తిరిగే ప్రాణాంతక స్థితికి దారితీసే కారణాల్లో తిండి వేగం ఒకటి. స్లో ఫీడర్లనే అడ్డుగోడలున్న గిన్నెలు మింగే వేగాన్ని తగ్గిస్తాయి. పక్క కుక్క వల్ల పుట్టిన టెన్షన్‌నూ, జబ్బు వల్ల పుట్టిన ఆకలినీ మాత్రం అవి తగ్గించలేవు.

గిన్నె నేల మీద పెట్టీపెట్టగానే కుక్క తల అందులో మునిగిపోతుంది. కరకరమన్న చప్పుడు ఒకటి రెండుసార్లు వినిపిస్తే గొప్పే, మిగతావన్నీ గుటకలు. మూతి తోపుకు గిన్నె జరుగుతూ జరుగుతూ వెళ్లి గోడకు తగులుతుంది. నిమిషం తిరక్కముందే అడుగంతా నాకేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు తలెత్తి చూస్తుంది. తర్వాత ఒక పెద్ద త్రేన్పు. కొన్నిసార్లు తిన్నదంతా నేల మీదికి తిరిగొచ్చేస్తుంది. గుళికలు ఏ ఆకారంలో లోపలికి వెళ్లాయో అదే ఆకారంలో బయటికి వస్తాయి. కుక్క మళ్లీ వాటినే తినబోతుంది.

ఈ విషయంలో పెంచుకునేవాళ్లకు దొరికే సలహాలు ఒకదానికొకటి పొసగవు. కుక్కలంటే అంతే, పట్టించుకోనక్కర్లేదని కొందరు అంటారు. అలా తింటే ఏదో ఒక రోజు కడుపు తిరిగి చచ్చిపోతుందని మరికొందరు భయపెడతారు. ఈ రెండు మాటల మధ్య రకరకాల ఆకారాల్లో స్లో ఫీడర్ గిన్నెలు అమ్ముడవుతున్నాయి. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. ఏది ఏ కుక్కకు వర్తిస్తుందన్న దగ్గరే గందరగోళమంతా.

నమలడానికి పుట్టని నోరు

ఎదిగిన కుక్క నోట్లో 42 పళ్లు ఉంటాయి. అంటే మనిషి కన్నా పది ఎక్కువ. అయినా నమలడంలో మాత్రం మనిషిదే పైచేయి. కుక్క నోట్లో వెనక వైపుండే ముఖ్యమైన పళ్లు కత్తెర రెక్కల్లా ఒకదాని పక్కనుంచి ఒకటి జారుతూ మాంసాన్ని కోస్తాయి. దవడ పైకీ కిందికీ కదులుతుంది తప్ప, ఆవు నెమరేసేటప్పుడు కనిపించే పక్కవాటు కదలిక దానికి దాదాపు లేదు. అందువల్ల తిండిని పిండిలా నూరడం దాని వల్ల అయ్యే పని కాదు.

నూరాల్సిన అవసరమూ తక్కువే. మనిషి లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అందుకే మన జీర్ణక్రియ నోట్లోనే మొదలవుతుంది. కుక్క లాలాజలంలో అది లేనట్టే లెక్క. ఆ పని క్లోమగ్రంథి చూసుకుంటుంది. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ఈ సంగతిని బాగా పట్టి చూపింది. క్లోమంలో అమైలేజ్ తయారుచేసే జన్యువు తోడేలులో రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా కనిపించాయి. మనిషి పంచన చేరాక కుక్క పిండిపదార్థాలను అరిగించుకోవడం నేర్చింది, కానీ ఆ నేర్పు పేగుల దాకానే ఉండిపోయింది. నోటి అలవాటు పాతదే. నాలుక సంగతీ అంతే. మనిషికి సుమారు 9,000 రుచి మొగ్గలుంటే కుక్కకు దాదాపు 1,700. తిండిలోని ఆనందంలో ఎక్కువ భాగం అది ముక్కుతోనే అనుభవిస్తుంది. నోట్లో ఎంతసేపు ఉంచుకుందన్నది దానికి పెద్ద విషయం కాదు.

దీనికి తోడు బాగా సాగే కడుపు ఒకటి. వేట దొరికిన రోజున తోడేలు ఒకే విడతలో తొమ్మిది కిలోల దాకా తినగలదు. తర్వాత కొన్ని రోజులు ఏమీ దొరక్కపోవచ్చు. పైగా అదే వేట చుట్టూ గుంపంతా ఉంటుంది. నెమ్మదిగా తినేదానికి మిగిలేది ఎముకలే.

ఈ కథ చాలామందికి తెలిసిందే. దాన్ని అడ్డం పెట్టుకుని 'తోడేలు రక్తం కదా' అని వదిలేసేవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. తోడేలు చర్మం చీల్చాలి, కండను ఎముక నుంచి లాగాలి, కాలితో తొక్కిపట్టి ముక్క తెంపుకోవాలి. మింగడం ఎంత వేగంగా జరిగినా, నోటికి అందించుకోవడానికి శ్రమ పడక తప్పదు. ప్రకృతి పెట్టిన బ్రేకు అదే. గుండ్రటి గిన్నెలో పోసిన డ్రై ఫుడ్ గుళికలకు చీల్చడం లేదు, లాగడం లేదు. అన్నీ ముందే నోటికి సరిపడా కొలతలో తయారై, గిన్నె వాలు వల్ల మధ్యకు వచ్చి చేరతాయి. వేగంగా మింగే నోరు అలాగే ఉంది, దాన్ని ఆపే బ్రేకును మాత్రం గిన్నె తీసేసింది. స్లో ఫీడర్ గిన్నెలు, మేతను దాచే బొమ్మలు ఇవన్నీ తిరిగి తెస్తున్నది ఆ శ్రమనే.

ఆత్రానికి వేర్లు

నోరు పనిచేసే తీరు అన్ని కుక్కలకూ ఒక్కటే. అయినా ఒకటి నిదానంగా తింటుంది, ఇంకొకటి వెనకనుంచి ఎవరో తరుముకొస్తున్నట్టు తింటుంది. తేడా వేరేచోట ఉంది.

మొదటిది పోటీ. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే పళ్లెంలో పెట్టినప్పుడు, వేగంగా తిన్నదానికే కడుపు నిండుతుంది. ఆ అలవాటు ఇల్లు మారాక కూడా ఉండిపోవచ్చు. గుంపు ప్రభావం గురించి 1949లోనే ప్రయోగాలు వెలువడ్డాయి. ఒంటరిగా తిన్నప్పటి కన్నా తోటి పిల్లలతో కలిసి తిన్నప్పుడు కుక్కపిల్లలు ఎక్కువ తిన్నాయని వాటిలో తేలింది. కాబట్టి ఎదుటి కుక్క నిజంగా గిన్నె మీదికి రావాల్సిన పని లేదు, పక్కన ఉంటే చాలు.

రెండోది జన్యువు. లాబ్రడార్లు తిండిపోతులన్న పేరు ఊరికే రాలేదు. 2016లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిలో పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించడాన్ని గుర్తించారు. తిన్నది చాలన్న కబురు మెదడుకు చేరడంలో ఈ జన్యువుది ముఖ్య పాత్ర. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఈ లోపం కనీసం ఒక ప్రతిలోనైనా ఉంది. ఫ్లాట్ కోటెడ్ రిట్రీవర్లలోనూ కనిపించింది. 2024లో వచ్చిన తదుపరి అధ్యయనం ఇంకొంచెం స్పష్టత ఇచ్చింది. ఈ లోపమున్న కుక్కలకు భోజనానికీ భోజనానికీ మధ్య ఆకలి ఎక్కువ, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి సుమారు 25 శాతం తక్కువ. అలాంటి కుక్కను క్రమశిక్షణ లేనిదని తిట్టడంలో అర్థం లేదు.

మూడోది భోజనం చుట్టూ అల్లుకున్న హడావుడి. కుక్కల జీర్ణక్రియ మీద చేసిన పనికే పావ్లోవ్‌కు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. తిండి నోట్లో పడకముందే శరీరం సిద్ధమైపోతుందన్నది ఆయన ప్రయోగాల్లో ప్రధాన విషయం. సంచీ చప్పుడు, అల్మారా తలుపు, కొలత కప్పు గలగల వినిపిస్తే చాలు, నోరూ కడుపూ రెండూ ఊరడం మొదలవుతాయి. గెంతులు వేస్తూ, మొరుగుతూ ఉన్నప్పుడే గిన్నె దిగితే ఆ ఊపంతా తిండి మీదికి మళ్లుతుంది. రోజుకు ఒక్కపూటే పెట్టడం, వేళ తప్పడం ఈ ఊపును పెంచుతాయి.

మింగాక జరిగేది

ఎక్కువ కుక్కల్లో జరిగేది చిన్న ఇబ్బందే: త్రేన్పులు, గ్యాస్, అప్పుడప్పుడు తిన్నది తిరిగి రావడం. ఇక్కడ కక్కడానికీ, తిరిగి రావడానికీ తేడా గమనించాలి. కక్కేటప్పుడు పొట్ట ఎగదన్నుతుంది, కుక్క ముందు నుంచే అసౌకర్యంగా కదులుతుంది, బయటికి వచ్చినదానిలో సగం అరిగిన తిండి, పసుపు ద్రవం కనిపిస్తాయి. మింగినది అన్నవాహిక నుంచే జారి వచ్చేస్తే ఆ ప్రయాస ఏదీ ఉండదు. తల వంచగానే, ఒక్కోసారి గొట్టం ఆకారంలో, అరగని గుళికలు పడతాయి. ఆత్రంగా తినడం వల్ల తరచూ జరిగేది ఈ రెండోదే. అయితే నెమ్మదిగా తిన్నప్పుడు కూడా అది పదే పదే జరుగుతుంటే అన్నవాహిక సాగిపోయే జబ్బేమైనా ఉందేమో చూపించాలి.

అసలు భయం జీడీవీ గురించి. కడుపు గ్యాస్‌తో ఉబ్బి, తన చుట్టూ తాను మెలి తిరుగుతుంది. సంచీ మూతి మెలిపెట్టినట్టు పైదారీ కిందిదారీ రెండూ మూసుకుపోతాయి. గ్యాస్ బయటికి పోలేక ఇంకా ఉబ్బుతుంది. శరీరం వెనక భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. కుక్క షాక్‌లోకి వెళ్తుంది, కడుపు గోడ చచ్చుబడటం మొదలవుతుంది. ఇదంతా గంటల్లో జరిగిపోతుంది. కక్కబోయినా ఏమీ రాకపోవడం, చొంగ కారడం, ఒకచోట నిలవలేకపోవడం, పొట్ట బిగిసి డప్పులా ఉండటం దీని గుర్తులు. ఇవి కనిపిస్తే ఇంటి చిట్కాలకు టైమ్ లేదు.

దీనికీ తిండి వేగానికీ సంబంధం ఏమిటన్నదానికి ఎక్కువగా చెప్పుకునే ఆధారం అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం నుంచి 2000లో వచ్చిన అధ్యయనం. పదకొండు భారీ, అతి భారీ జాతులకు చెందిన 1,600కు పైగా కుక్కలను అందులో గమనిస్తూ వచ్చారు. వయసు పెరగడం, తోబుట్టువుల్లోనో కన్నవాటిలోనో ఈ సమస్య ఉండటం, వేగంగా తినడం, ఎత్తు మీద పెట్టిన గిన్నెలో తినడం ముప్పును పెంచుతున్నట్టు తేలింది. చివరిది చాలామందిని ఆశ్చర్యపరిచింది. అప్పటిదాకా ఈ జబ్బు రాకుండా గిన్నెను ఎత్తు మీద పెట్టమనే సలహా చెలామణిలో ఉండేది మరి. తర్వాత వచ్చిన పరిశీలనలన్నీ దీన్ని ఒకే గొంతుతో బలపరచలేదు. అయినా మెడ నొప్పో, అన్నవాహిక జబ్బో ఉండి డాక్టర్ చెబితే తప్ప గిన్నె నేల మీద ఉండటమే మేలు. ఎత్తు వల్ల లాభమన్నదానికి గట్టి రుజువు లేనప్పుడు రిస్క్ ఎందుకు?

వేగంగా తినే కుక్క గాలి మింగుతుందని, ఆ గాలే కడుపును ఉబ్బిస్తుందని తరచూ చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఉబ్బిన కడుపులోని గ్యాస్ ఎంతవరకు మింగిన గాలి, ఎంతవరకు తిండి పులిసి పుట్టినది అన్నదానిపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. వేగానికీ జబ్బుకూ లంకె కనిపించింది. ఆ లంకె ఏ దారిలో పనిచేస్తోందన్నది వేరే ప్రశ్న.

ఒక్కో పూట ఎంత తింటుందన్నదీ ముఖ్యమే. రోజు మొత్తం తిండినీ ఒకేసారి పెట్టే భారీ కుక్కల్లో ముప్పు ఎక్కువగా కనిపించింది. గ్రేట్ డేన్ల మీద 1998లో వచ్చిన అధ్యయనం గుళిక పరిమాణాన్ని కూడా లెక్కలోకి తెచ్చింది. బాగా చిన్న ముక్కల తిండి తినేవాటిలో ముప్పు ఎక్కువని, 30 మిల్లీమీటర్లకు మించిన ముక్కలు కలిపితే తక్కువని అందులో కనిపించింది. గ్రేట్ డేన్, వైమరనర్, సెయింట్ బెర్నార్డ్, ఐరిష్ సెట్టర్, స్టాండర్డ్ పూడుల్ పెంచేవాళ్లు వీటిని పట్టించుకోవాలి. చిన్న జాతి కుక్క గబగబా తింటే ఇంత బెంగ అక్కర్లేదు, ముక్క గొంతుకు అడ్డం పడకుండా చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. ముప్పు బాగా ఎక్కువున్న జాతుల్లో కడుపును పక్కటెముకల దగ్గరి గోడకు కుట్టేసే గ్యాస్ట్రోపెక్సీ ఆపరేషన్ ముందుజాగ్రత్తగా చేయించడమూ ఉంది. మెలి తిరగడాన్ని ఆపడంలో ఏ గిన్నే దానికి సాటి రాదు.

గిన్నె మారితే ఏం మారుతుంది

స్లో ఫీడర్ గిన్నె లోపల గోడలు, దిబ్బలు, మలుపులు ఉంటాయి. నోరు నిండా తీసుకునే వీలు పోయి, నాలుకతో రెండు మూడు గుళికలను గోడ పక్కనుంచి లాగాల్సి వస్తుంది. అర నిమిషంలో అయ్యే భోజనం కొన్ని నిమిషాలు పడుతుంది. అయితే గిన్నె ఎంపికలో చూడాల్సింది డిజైన్ అందం కాదు, మూతి పొడవు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి మూతి కుక్కలు లోతైన సందుల్లోకి చేరలేవు, ముక్కు నొక్కుకుని ఊపిరికి ఇబ్బంది పడతాయి. వాటికి తక్కువ ఎత్తు, వెడల్పు సందులు కావాలి. పొడవు మూతి దానికి అదే గిన్నె ఇస్తే మామూలు గిన్నెలాగే ఊడ్చేస్తుంది. కొన్ని కుక్కలు నాలుగు రోజులు చూసి, అంచు కింద మూతి పెట్టి గిన్నెనే బోర్లా వేస్తాయి. తెలివి తక్కువేమీ కాదు! అందుకే కింద రబ్బరు పట్టు, బరువు ఉన్నది మేలు. ప్లాస్టిక్ గోడలను కొరికే అలవాటున్న కుక్కకు ఇది పనికిరాదు. సందుల్లో జిగురు పేరుకుంటుంది కాబట్టి రోజూ బ్రష్‌తో కడగాల్సి వస్తుంది. చాలా ఇళ్లలో ఈ గిన్నె మూలన పడటానికి కారణం కుక్క కాదు, ఈ కడుగుడే.

ఏమీ కొనకుండా అయ్యే పద్ధతి ఇంకొకటుంది: అంచున్న వెడల్పాటి ట్రేలో గుళికలను ఒకే పొరగా పరచడం. గిన్నెలో కుప్పగా ఉన్నప్పుడు ఒక్క కరుపుకు వచ్చేవి, ట్రేలో పది చోట్ల నుంచి ఏరుకోవాల్సి వస్తాయి. గుంతలున్న కేక్ ట్రే కూడా ఇదే పని చేస్తుంది. గిన్నె మధ్యలో పెద్ద బంతి పెట్టడం మరో ఉపాయం, బంతి నోట్లో పట్టనంత పెద్దదై ఉండాలన్నదే షరతు. రాళ్లు పెట్టడం మాత్రం ప్రమాదం. పళ్లు విరుగుతాయి, లేదా రాయే కడుపులోకి పోతుంది.

గడ్డిలోనో, గుడ్డ పీలికల స్నఫుల్ మ్యాట్‌లోనో చల్లితే పని ముక్కుకు వెళ్తుంది. వాసన పట్టి వెతకడం కుక్కకు ఇష్టమైన పని కాబట్టి ఇక్కడ శ్రమ శిక్షలా ఉండదు. గుడ్డ నమిలి మింగే కుక్కకు మ్యాట్ వద్దు. దొర్లితే గుళికలు రాలే బొమ్మలు ఒంటరి కుక్కకు భేష్. రెండున్న ఇంట్లో రాలిన గుళిక ఎవరిదన్న తగువు మొదలవుతుంది. తడి ఆహారమైతే, నాకి తినడానికి గాళ్లు పెట్టిన లిక్ మ్యాట్ మీద రాసి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వచ్చు. ఇక డ్రై ఫుడ్‌లో నీళ్లు కలపడం గురించి గట్టిగా ఏమీ చెప్పలేని పరిస్థితి. కొన్ని కుక్కలు నాకుతూ నెమ్మదిస్తాయి, కొన్ని జుర్రుకుంటూ ఇంకా తొందరగా ముగించేస్తాయి.

బ్రేకు ఎంత గట్టిగా వేయాలన్నది కూడా ఆలోచించాలి. మరీ కష్టమైన పజిల్ ఇస్తే కుక్క కాళ్లతో గీరుతుంది, మొరుగుతుంది, గిన్నెను కొరుకుతుంది, లేదా వదిలేసి వెళ్తుంది. అలా విసిగిపోయిన కుక్క చివరికి దొరికినదాన్ని ముందుకన్నా ఆత్రంగా మింగుతుంది. సులువైన దానితో మొదలుపెట్టడమే సరైన లెక్క.

వేగం తగ్గితే బరువు తగ్గుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకూడదు. కొలిచి పెట్టిన తిండి నిమిషంలో తిన్నా పది నిమిషాల్లో తిన్నా కేలరీలు అవే.

రెండు కుక్కలుంటే

స్లో ఫీడర్ ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. ఇంతకుముందు రెండూ నిమిషంలో ముగించేవి. ఇప్పుడు ఒకటి ఎనిమిది నిమిషాలు గిన్నె దగ్గరే ఉండాలి. రెండోది తనది ముగించి వచ్చి వెనక నిలబడుతుంది. తింటున్నదాని భుజాలు బిగుస్తాయి, తోక కిందికి దిగుతుంది, కళ్లు పక్కకు తిరుగుతాయి, నోరు మాత్రం గిన్నెలోంచి రాదు. ఆత్రానికి మూలం పోటీ అయినప్పుడు, ఈ గిన్నె పోటీ సమయాన్ని పొడిగించింది తప్ప సాధించిందేమీ లేదు. విడి గదుల్లో, తలుపు వేసి పెడితే మామూలు గిన్నెలోనే వేగం తగ్గడం కనిపించవచ్చు. ఖర్చు లేని ఈ పని ముందు చేసి చూడాలి.

తింటుండగా చెయ్యి పెట్టి కదిలించడం, మధ్యలో గిన్నె లాక్కోవడం లాంటి పాత సలహాలకు కూడా ఇదే తర్కం. తిండి ఎవరో లాక్కుంటారన్న భయంతో తినే కుక్కకు, అవును లాక్కుంటారని రుజువు చేసినట్టవుతుంది. గుర్రుమనడం, కరవడం దాకా వెళ్లే ప్రవర్తనకు అక్కడే బీజం పడుతుంది. దగ్గరకు వెళ్లినప్పుడల్లా గిన్నెలో ఇంకో మంచి ముక్క వేసి వెనక్కి వచ్చేస్తే, మనిషి రాకకు అర్థం మారుతుంది.

హఠాత్తుగా మొదలైతే

చిన్నప్పటి నుంచీ ఆబగా తినే కుక్క వేరు, ఆరేడేళ్లు నింపాదిగా తిని ఇప్పుడు గిన్నె మీద పడుతున్న కుక్క వేరు. రెండోదాన్ని గిన్నె మార్చి సరిపెట్టకూడదు. మధుమేహం, ఒంట్లో కార్టిజాల్ హార్మోన్ మితిమీరే కుషింగ్స్ వ్యాధి, క్లోమం ఎంజైములు సరిగా తయారుచేయలేని స్థితి, పేగుల్లో నులిపురుగులు ఇవన్నీ ఆకలిని పెంచేవే. క్లోమం సమస్య జర్మన్ షెపర్డ్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది. బాగా తింటూనే చిక్కిపోవడం, మలం ఎక్కువగా, జిడ్డుగా రావడం దాని గుర్తులు. నీళ్లు విపరీతంగా తాగుతుంటే మధుమేహమో కుషింగ్సో అనుమానించాలి. దురదకో వాపుకో ఇచ్చే ప్రెడ్నిసొలోన్, మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ కూడా ఆకలిని రేపుతాయి. అలాంటప్పుడు మందు తామే మానేయకుండా వెటర్నరీ డాక్టర్‌కు చెప్పి అడగాలి.

తగ్గిందో లేదో తెలిసేదెలా

కంటితో వేసే అంచనా మోసం చేస్తుంది. మార్పు చేయకముందు మూడు పూటలు, చేశాక మొదటి వారం మూడు పూటలు, రెండో వారం ఇంకో మూడు పూటలు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే లెక్క తేలుతుంది. మొదటి రోజు కొత్తదనానికి తడబడి నిదానించిన కుక్క, దారులన్నీ కంఠతా వచ్చాక మళ్లీ వేగం అందుకోవచ్చు. అప్పుడు గిన్నెను తిప్పి పెట్టడమో, ట్రేకీ మ్యాట్‌కీ మార్చి మార్చి పెట్టడమో చేస్తారు.

అంకెలతో పాటు ఒంటి తీరునూ చూడాలి. అయిదు నిమిషాలు తిన్నా నాలుగు కాళ్లూ బిగబట్టి, తల ఎత్తకుండా తింటుంటే వేగం తగ్గింది గానీ ఆత్రం తగ్గలేదు. సగంలో తలెత్తి, పక్క గదిలోంచి వచ్చిన చప్పుడు ఏమిటో ఒకసారి విని, మూతి నాక్కుని మళ్లీ తీరిగ్గా గిన్నెలో తల పెట్టిందంటే, పోటీ తనకు లేదని ఆ కుక్క నమ్మడం మొదలుపెట్టినట్టు.